విషవాయువు లీకైతే 108 సిబ్బంది సిద్ధంగా ఉన్నారా?

ప్రశ్న: 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురాన్ని ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనపు ఆవిరి కమ్మేసి 12 మంది ప్రాణాలు తీసింది. రోడ్డు ప్రమాదాలకూ కాన్పులకూ అలవాటుపడిన 108 సిబ్బందికి ఇటువంటి విపత్తు విషయంలో ఏ శిక్షణ ఉండాలంటారు?

జవాబు 1: ముందుగా ఆత్మరక్షణ నేర్పాలండి. స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువైనది కనుక పల్లంలో నిలుస్తుంది. గాలివాటం చూసుకోకుండా, తగిన మాస్కు లేకుండా లోపలికి వెళ్లినవారు తామే బాధితులవుతారు. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. బాధితులను బయటికి తెచ్చి, బట్టలు మార్చి, ఒళ్లు కడిగి, ఆక్సిజన్ ఇవ్వాలి.

జవాబు 2: వందలమంది ఒక్కసారిగా పడిపోయినప్పుడు ఎవరిని ముందు తరలించాలో ఎరుపు (వెంటనే), పసుపు (కాస్త ఆగవచ్చు), ఆకుపచ్చ (స్వల్ప బాధ), నలుపు (చనిపోయిన లేదా బతికే ఆశలేని వారు) పట్టీలతో తేల్చడం సాధనతోనే వస్తుంది. ఫ్యాక్టరీ, అగ్నిమాపక శాఖ, ఆసుపత్రి, 108 కలిసి మాక్ డ్రిల్ చేయాలి, అదీ రాత్రివేళ.