అప్‌డేట్: వెనుక స్ప్రింగులు ఇంటి దగ్గరే మార్చాను
వెనుక ముగ్గురు కూర్చుంటే కారు కుంగిపోతోందని, స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ లేకుండా ఇంటి దగ్గరే కాయిల్ స్ప్రింగులు మార్చవచ్చా అని ఇంతకుముందు అడిగాను. ఆ పని పూర్తయింది. మా కారుకు వెనుక టార్షన్ బీమ్ (రెండు వెనుక చక్రాలను కలిపే ఇనుప దూలం) ఉండి, స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ వేర్వేరుగా ఉన్నందున కంప్రెసర్ అవసరమే రాలేదు. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, బాడీని స్టాండ్లపై నిలిపి, బీమ్ కింద జాకీ ఆనించి, షాక్‌ల కింది బోల్టులు విప్పి, బ్రేక్ గొట్టాలు సాగిపోకుండా చూసుకుంటూ జాకీని మెల్లగా దించితే స్ప్రింగులు వదులై చేతికే వచ్చాయి. తుప్పు పట్టిన ఆ బోల్టులే అసలు పరీక్ష. పాత స్ప్రింగుల్లో ఒకటి కింది చుట్టు దగ్గర విరిగి, ముక్క రబ్బరు సీటులోనే ఇరుక్కుని ఉంది. కొత్తదాని కొస సీటు గాడిలో కూర్చునేలా తిప్పి పెట్టాను. కారు బరువు చక్రాలపై పడ్డాకే షాక్ బోల్టులను పూర్తిగా బిగించాను; లేకపోతే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది.