పెద్ద బైకుకు చైన్ మేలా, బెల్టు మేలా? సిక్కోలు, విజయనగరం వారి అనుభవాలు కావాలి

నాగావళి_ఒడ్డు: సెకండ్ హ్యాండ్‌లో పెద్ద బైకు కొనదలచుకున్నాను. బెల్టుతో నడిచే హార్లీ క్రూయిజర్ ఒకటి, చైన్ ఉన్న కవాసకి జడ్900 ఒకటి చూసి ఉంచాను. ఉద్యోగరీత్యా శ్రీకాకుళం నుంచి టెక్కలికి, అక్కడి నుంచి నౌపడా వైపు తరచుగా వెళ్ళవలసి ఉంటుంది. ఇంజన్ల సంగతి అలా ఉంచి, వెనుక చక్రానికి శక్తిని చేరవేసే ఈ రెండు పద్ధతుల్లో మన దారులకు ఏది నిలుస్తుందో వాడినవారు చెప్పగలరు.

కోట_క్రూయిజర్ (విజయనగరం): నాది బెల్టు బండి. హార్లీ 1980లో స్టర్జిస్ మోడల్‌కు పళ్ళ బెల్టు అమర్చింది. తర్వాత ఆ పద్ధతే వారి క్రూయిజర్లలో స్థిరపడింది. లోపల అరామిడ్ (గట్టి కృత్రిమ నారు) లేదా కార్బన్ దారాలు ఉండటం వల్ల బెల్టు సాగదు, నూనె అడగదు, ప్యాంటుకు మరక అంటించదు. కడిగినప్పుడు బిగువు చూసుకుంటే చాలు. జాతీయ రహదారి మీదే తిరిగేవారికి ఇంతకు మించిన సుఖం లేదని నా అభిప్రాయం.

రాతిబాట_టెక్కలి: కోట_క్రూయిజర్ గారూ, మీది రహదారి అనుభవం. మా వైపు గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో రాతి ముక్కలు ఎప్పుడూ పడి ఉంటాయి. అలాంటి ముక్క ఒకటి బెల్టుకూ అది తిరిగే పళ్ళ చక్రానికీ (పుల్లీకి) మధ్య ఇరుక్కుని నా పాత బండి బెల్టుకు రంధ్రం చేసింది. బెల్టుకు అతుకు ఉండదు కనుక చాలా బైకుల్లో స్వింగార్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) విప్పితే గాని కొత్తది ఎక్కదు. పైగా ఆ బెల్టు ఇక్కడి షాపుల్లో దొరకదు. చైన్‌ను అయితే తెంపి, కొత్తది చుట్టి, రెండు కొసలనూ కలిపే రివెట్ లింక్ కొట్టేయవచ్చు. బీఎండబ్ల్యూ కూడా రోడ్డు మీద నడిచే ఎఫ్800ఎస్‌కు బెల్టు ఇచ్చి, మట్టిదారులకు ఉద్దేశించిన ఎఫ్800జీఎస్‌కు చైన్ పెట్టింది.

ఉప్పుగాలి_భావనపాడు: రాళ్ళ సంగతి నిజమే, కానీ నౌపడా ఉప్పు మడుల పక్కన బండి నిలిపేవారికి చైన్ మరో తలనొప్పి. లింకుల మధ్య ఉండే ఓ-రింగులు లోపలి గ్రీజును కాపాడతాయి గాని, వానాకాలంలో కాస్త అశ్రద్ధ చేస్తే పై రేకులు ఎర్రబడతాయి. తడిసిన ప్రతిసారీ తుడిచి, కిరోసిన్‌తో మురికి వదిలించి, చైన్ వెచ్చగా ఉండగానే లోపలి వైపు గేర్ ఆయిల్ గానీ చైన్ ల్యూబ్ గానీ పట్టించాలి. పెట్రోలు మాత్రం వాడకండి, ఆ రబ్బరు రింగులు పాడవుతాయి.

పాత_స్పానర్ (శ్రీకాకుళం): శక్తి ఎక్కువైతే బెల్టు తెగుతుందనే భయం అనవసరం. డుకాటి 1262 సీసీ ఇంజన్‌నే డయావెల్‌లో చైన్‌తోనూ, ఎక్స్‌డయావెల్‌లో బెల్టుతోనూ నడిపింది. రేసు బైకులు చైన్‌నే పట్టుకుని ఉండటానికి కారణం వేరు: అది సన్నగా ఉంటుంది, శుభ్రంగా ఉంటే చాలా తక్కువ శక్తిని మింగుతుంది, స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) మార్చి పికప్‌నో టాప్ స్పీడునో కావలసినట్లు సవరించుకోవచ్చు. బెల్టు పుల్లీలతో ఆ వెసులుబాటు దాదాపు లేదు.

నాగావళి_ఒడ్డు: అందరికీ కృతజ్ఞతలు. తుప్పును నా చేతులతో ఆపగలను గాని లారీ నుంచి జారే రాతిని ఆపలేను కనుక జడ్900 వైపే మొగ్గుతున్నాను. బండి చూడటానికి వెళ్ళినప్పుడు చైన్‌లో ఏమేమి పరీక్షించాలి?

పాత_స్పానర్: వెనుక స్ప్రాకెట్ చివర చైన్‌ను వేళ్ళతో వెనక్కు లాగండి, పన్ను సగం బయటపడేంతగా లేస్తే దాని ఆయుష్షు తీరినట్లే. స్ప్రాకెట్ పళ్ళు ఒక వైపుకు కొక్కెంలా వంగాయేమో, లింకులు ఎక్కడైనా బిగుసుకుపోయాయేమో చక్రం తిప్పుతూ చూడండి. అరిగి ఉంటే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చే ఖర్చును బేరంలోనే తగ్గించమనండి.