టిఫిన్ సెంటర్‌కి డ్రిప్ కాఫీ మిషన్ పనికొస్తుందా?

కృష్ణలంక కుర్రాడు
అందరికీ నమస్కారం. విజయవాడలో మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. పొద్దున ఐదున్నరకి తీస్తే పదకొండుకి కట్టేస్తాం. రోజుకి 300 కాఫీలు అటూ ఇటూగా పోతాయి. ఇప్పుడు రెండు పెద్ద స్టీలు ఫిల్టర్లలో డికాషన్ దించుతున్నాం. మరిగిన నీళ్ళు గిన్నెతో ఎత్తి పోయాలి. మొన్న ఒక డీలరు రెండు మిషన్లు చూపించాడు. ఒకటి ఆఫీసుల్లో కనిపించే డ్రిప్ మిషన్. పైన పేపర్ ఫిల్టరు, కింద గాజు జగ్గు, ఆరు నిమిషాల్లో 1.8 లీటర్లు. రెండోది డికాషన్ కోసమే చేసిన 5 లీటర్ల కరెంటు ఫిల్టరు, కింద కుళాయి. మొదటిది త్వరగా అవుతుంది కదా అని మనసు అటే లాగుతోంది. మా పొడిలో 70 శాతం కాఫీ, 30 శాతం చికోరీ, అదే కాఫీలో కలిపే వేయించిన వేరు పొడి. వాడినవాళ్ళు చెప్పండి.

గుంటూరు బాబాయ్
రెండూ వద్దు నాయనా. పొడి మీద పళ్ళెం అదిమి, ముందు ఒక్క గరిటెడు నీళ్ళు పోసి ఆగాలి. పొడి తడిసి పొంగుతుంది, వాసన తేలుతుంది. అప్పుడు మిగతా నీళ్ళు. బటన్ నొక్కితే ఆ ఆగడం ఎక్కడుంది? ఉన్న ఫిల్టర్లకి తోడు ఇంకోటి కొనుక్కో, చాలు.

సనత్‌నగర్ ఓనరు
డ్రిప్ మిషన్ చేసేదీ అదే కదా బాబాయ్ గారూ, పొడి మీద వేణ్ణీళ్ళు పోయడం. నేను మూడేళ్ళుగా వాడుతున్నా. ఏ రోజు తాగినా ఒకటే రుచి. తమ్ముడూ, కళ్ళు మూసుకుని కొను.

డాలస్ దోసె
చేసే పని ఒకటే, లెక్క వేరు. మా రెస్టారెంట్‌లో డ్రిప్ మిషన్ ఉంది కాబట్టి చెప్తున్నా. దాన్ని తయారుచేసింది పాలు లేకుండా తాగేవాళ్ళ కోసం. లీటరు నీళ్ళకి 55, 60 గ్రాముల పొడి వాళ్ళ లెక్క. మన డికాషన్‌కి 100 గ్రాములకి అర లీటరు దిగాలి. అంటే మూడు రెట్ల పైన చిక్కన. మిషన్‌లో దిగినదాన్ని అలాగే పాలల్లో పోస్తే కాఫీ రంగు పాలు తాగినట్టుంటుంది. మేము బ్లాక్ కాఫీ అడిగేవాళ్ళకే దాన్ని వాడతాం, డికాషన్ వేరే. ఇంకో మాట, గాజు జగ్గు రకం తీసుకోవద్దు. కింద వేడి పళ్ళెం మీద అరగంట ఉంటే చేదెక్కుతుంది. ఫ్లాస్కులోకి దిగే రకాలున్నాయి.

సనత్‌నగర్ ఓనరు
నీళ్ళు తగ్గించి పొయ్యండి సార్. ఈ మిషన్లలో పైన ఎంత పోస్తే కింద అంతే దిగుతుంది. చిక్కగా కావాలంటే చిక్కగానే వస్తుంది.

డాలస్ దోసె
సరే, లెక్క వేద్దాం. కప్పుకి 30 మిల్లీలీటర్ల డికాషన్ అనుకుంటే 300 కప్పులకి 9 లీటర్లు, పొడి కిలో 800 గ్రాములు. 1.8 లీటర్ల మిషన్ బుట్టని 110 గ్రాములకి చేస్తారు. పొడి తన బరువుకి రెట్టింపు నీళ్ళు పట్టేసుకుంటుంది. 770 మిల్లీలీటర్లు పోస్తే 550 దిగుతుంది. అలా పదహారు పదిహేడు సార్లు తిప్పాలి. పేపర్ తీసి, పిప్పి పారేసి, మళ్ళీ వేసి... రెండు గంటలు ఒక మనిషి దాని ముందే నిలబడాలి.

అరకు అమ్మాయి
చికోరీ మానేసి అరకు అరబికా వాడండి. 2019లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా చోటి సరుకే అన్న గుర్తింపు, వచ్చిన కాఫీ అది. మిషన్‌కీ హాయి, తాగేవాళ్ళకీ హాయి.

గుంటూరు బాబాయ్
20 రూపాయల కాఫీలో అరబికా పోస్తే అద్దె ఎవరు కడతారమ్మా? మిశ్రమంలో 51 శాతానికి తగ్గకుండా కాఫీ ఉండాలని చట్టమే చెప్పింది, ఇతను 70 వేస్తున్నాడు. పొడికి వంక పెట్టకండి.

తణుకు కేటరింగ్
చికోరీ పొడి డ్రిప్ మిషన్‌లో పోసి చూసినవాణ్ణి. గృహప్రవేశం ఆర్డరు, 200 మంది. చికోరీ నానితే జిగురు తేలుతుంది, మన పొడి సన్నం కూడా. పేపర్ మూసుకుపోయింది. మిషన్‌కి అది తెలీదు, నీళ్ళు పోస్తూనే ఉంది. బుట్ట పైనుంచి బురద లాంటి పిప్పి బల్ల మీదికి పొర్లి, పేర్చిపెట్టిన అరిటాకుల మీదికి పాకింది. ఆకులన్నీ పారేశాం. ఇంటి పెద్దాయన అక్కడే నిలబడి చూశాడు. ఆ ఇంటి ఆర్డరు మళ్ళీ రాలేదు.

సనత్‌నగర్ ఓనరు
నాకు మూడేళ్ళలో ఒక్కసారి కూడా పొర్లలేదు.

డాలస్ దోసె
మీ దగ్గర ఎక్కువ పోయేది ఏ కాఫీ అండీ?

సనత్‌నగర్ ఓనరు
బ్లాక్, కోల్డ్ కాఫీ. అంతా ఆఫీసు పిల్లలు. అయితే ఏంటి?

తణుకు కేటరింగ్
ఆ ముక్క మొదటే చెప్పాల్సింది సార్.

మిషన్ మరమ్మతు
ఏది కొన్నా నీళ్ళ సంగతి ముందు చూసుకోండి. బోరు నీళ్ళు పోస్తే ఆరు నెలల్లో హీటరు మీద సున్నం పెంకులా కడుతుంది. నీళ్ళు సరిగ్గా కాగవు, డికాషన్ పల్చబడుతుంది, పొడి బాగాలేదని కొట్టువాణ్ణి తిడతారు. అలాగని పూర్తిగా ఆర్వో నీళ్ళు పోసినా చిక్కే. కొన్ని మిషన్లలో ట్యాంకు నిండిందా లేదా అని కనిపెట్టే పుల్ల నీళ్ళలో ఉప్పు ఉంటేనే పనిచేస్తుంది. మరీ శుద్ధి చేసిన నీళ్ళుంటే ట్యాంకు ఖాళీ అనుకుని నింపుతూనే ఉంటుంది. రెండూ కలిపి వాడండి. 3 కిలోవాట్ల మిషన్ 13 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల ప్లగ్గుకి విడిగా వైరు లాగించండి, గ్రైండరు ఉన్న లైను మీద పెట్టొద్దు.

సనత్‌నగర్ ఓనరు
ఇవన్నీ సరే. అసలు మిషన్ ఎందుకు కొంటాం? కాఫీ మాస్టర్ల బాధ పడలేక. నెలకి 24 వేలిచ్చి పెట్టుకున్నా ఒకణ్ణి. దసరా పొద్దున ఫోను ఆపేశాడు. కొట్టు ముందు నలభై మంది నిలబడ్డారు, నాకు డికాషన్ దించడం రాదు. ఆ రోజే నిర్ణయించుకున్నా, మనిషి చేతిలో నా వ్యాపారం పెట్టనని. మిషన్ సెలవడగదు.

గుంటూరు బాబాయ్
అతను ఎందుకు రాలేదో తర్వాతైనా అడిగారా?

సనత్‌నగర్ ఓనరు
అడగాల్సిన పని నాకేంటి?

గుంటూరు బాబాయ్
నేను పద్నాలుగేళ్ళు కాఫీ మాస్టర్ని. ఇప్పుడు సొంత బండి. తెల్లారి మూడున్నరకి లేచి నాలుగుకి పాలు పొయ్యి మీద పెట్టేవాణ్ణి. ఉగాది లేదు, సంక్రాంతి లేదు. మా నాన్న పోయిన మూడో రోజు ఓనరు ఫోను, "ఎప్పుడొస్తావు" అని. వెళ్ళా. ఆ మరుసటి ఏడు ప్రీమిక్స్ మిషన్, అదే పాలు చక్కెర కలిపిన పొడితో బటన్ నొక్కితే కాఫీ ఇచ్చేది, దించి, పన్నెండో తారీఖున లెక్క చూసి పంపేశాడు. మీరు మిషన్ కొనుక్కోండి, కాదనను. మాస్టరు బాధ పడలేకన్న మాట మాత్రం నేను వినలేను.

సనత్‌నగర్ ఓనరు
మీకు జరిగినదానికి నేను బాధ్యుణ్ణి కాదు. ఆ రోజు నష్టపోయింది నేను.

కృష్ణలంక కుర్రాడు
దయచేసి ఆగండి. ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. మా కొట్లో మాస్టరు లేడు. డికాషన్ దించేది మా నాన్న. 67 ఏళ్ళు. పోయిన నెల మరిగిన గిన్నె ఎత్తుతుంటే చెయ్యి వణికి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలింది. కట్టుతోనే మర్నాడు వచ్చి నిలబడ్డాడు. నేను పోస్తానంటే గిన్నె ఇవ్వడు, పొడి పాడు చేస్తావంటాడు. మిషన్ వస్తేనన్నా ఆ గిన్నె దింపుతాడని నా ఆశ.

గుంటూరు బాబాయ్
అయితే నీకు కావాల్సింది కాఫీ మిషన్ కాదు నాయనా, వేణ్ణీళ్ళ బాయిలరు. నడుమెత్తులో బల్ల మీద పెట్టి, కుళాయి కింద నీ ఫిల్టరు ఉంచు. గిన్నె ఎత్తే పనే ఉండదు. గరిటెడు నీళ్ళు పోసి ఆగడం నాన్న చేతిలోనే ఉంటుంది. ఆయన్ని ఆ పని నుంచి తప్పించకు, ఎత్తడం నుంచి తప్పించు.

సనత్‌నగర్ ఓనరు
ఆయనకి జ్వరమొచ్చిన రోజు ఎవరు దించుతారు? ఆ 5 లీటర్ల కరెంటు ఫిల్టరు కొను తమ్ముడూ. డ్రిప్ మాట వెనక్కి తీసుకుంటున్నా, చికోరీకి అది కుదరదు. ఇంకో మనిషిని నమ్ముకోమన్న సలహా మాత్రం నేను ఇవ్వను.

మిషన్ మరమ్మతు
కరెంటు ఫిల్టరైతే 5 లీటర్లది ఒకటి కాకుండా చిన్నవి రెండు తీసుకోండి. ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. డీలరుని మీ పొడి, మీ నీళ్ళతోనే రెండు రోజులు నడిపి చూపించమనండి. కుళాయి వాషరు విడిగా దొరుకుతుందో లేదో కొనకముందే అడగండి.

కృష్ణలంక కుర్రాడు
రేపు బాయిలరు రేటు కనుక్కుంటా. బాబాయ్, 10 లీటర్లది సరిపోతుందా? ఆ ఫిల్టరు మా నాన్న నడుము దగ్గరికి రావాలంటే బల్ల ఎంత ఎత్తుండాలి? ఆయన కాస్త పొట్టి.

గుంటూరు బాబాయ్
10 చాలు. బల్ల కొనకముందు ఆయన్ని నిలబెట్టి కొలువు. ఫిల్టరు అంచు మోచెయ్యి కంటే జానెడు కిందుండాలి.