గ్రైండర్ కోసం రెండు రాత్రులు రివ్యూలు చదివా, ఏది నమ్మాలి?

తెనాలి అమ్మాయి:
సంక్రాంతిలోపు అమ్మకి టేబుల్‌టాప్ గ్రైండర్ కొనివ్వాలి. నేనుండేది బెంగళూరు, అమ్మ తెనాలిలో. రెండు రాత్రులు కూర్చుని రివ్యూలు చదివాను. "సూపర్", "డెలివరీ ఫాస్ట్", "ప్యాకింగ్ బాగుంది". అన్నీ పార్సిల్ విప్పగానే రాసినవే. పిండి రుబ్బిన మనిషి ఒక్కరూ కనపడలేదు! పోయినసారి ఇలాగే 4.4 స్టార్లు చూసి మిక్సీ తెప్పించా. పెట్టెలో ఓ కార్డు: 5 స్టార్లిచ్చి స్క్రీన్‌షాట్ పంపితే 100 రూపాయలట. మూడో నెలకల్లా జార్ అడుగునుంచి కారడం మొదలైంది. ఆ స్టార్లు ఎలా వచ్చాయో అప్పుడర్థమైంది. మీరైతే ఎలాంటి రివ్యూ చదువుతారు?

పచ్చిమిర్చి:
నేను 5 స్టార్లూ వదిలేస్తా, 1 స్టారూ వదిలేస్తా. ఒక స్టారు ఇచ్చినవాళ్లలో చాలామందికి కోపం కొరియర్ అబ్బాయి మీద. మూడు స్టార్లవాళ్ల దగ్గరే సరుకుంటుంది. మా గ్రైండర్ కొనేముందు ఒకావిడ రాసింది ఇంకా గుర్తుంది: "రెండు లీటర్లదే గానీ అరకిలో మినప్పప్పు వేస్తే పొంగి మూత దాకా వచ్చింది. పావుకిలోకి బాగుంది, 25 నిమిషాలు. డ్రమ్ము కడగడానికి ఎత్తాలంటే నా మోచేతులు పడిపోయాయి." ఆవిడకది లోపం. మేం ఇంట్లో ఇద్దరమే, మాకు సరిపోయింది. వెంటనే కొనేశాం.

రిపేరు బాబాయ్:
ఇరవై ఏళ్లుగా ఇవే బాగుచేస్తున్నానమ్మా. ఏడాది వాడి రాసిన రివ్యూ వెతుకు. వీటిలో మోటారు తిరిగితే బెల్టు డ్రమ్ముని తిప్పుతుంది. ఆ బెల్టు సాగడం, జారడం మొదటి వారంలో తెలిసేది కాదు. "బెల్టు మార్పించా, ఇంతైంది, మనిషి రావడానికి ఇన్ని రోజులు పట్టింది" అని రాసినవాడి మాట నమ్మొచ్చు. ఫొటోలుంటే లోపలి రాళ్లు చూడు, అట్టపెట్టె కాదు. ఆ కంపెనీ మనిషి తెనాలి వస్తాడో లేదో కూడా ఫోన్ చేసి కనుక్కో.

లెక్కల మాస్టారు:
ఒక్క విషయం. చాలాచోట్ల లీటరున్నరదీ రెండు లీటర్లదీ ఒకే పేజీలో పెట్టి రివ్యూలన్నీ కలిపేస్తారు. ఏ మోడల్ గురించి రాశారో, ఎప్పుడు రాశారో చూడండి. ఇక ఆ 100 రూపాయల కార్డు సంగతి. 2022లో బీఐఎస్ (ఐఎస్ఐ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) ఆన్‌లైన్ రివ్యూలకి ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. డబ్బిచ్చి రాయించుకున్న రివ్యూలు వేయకూడదని అందులో ఉంది. కానీ స్వచ్ఛందం అన్నారు, అక్కడే వచ్చింది తిరకాసు.

తెనాలి అమ్మాయి:
అందరికీ థ్యాంక్స్. బాబాయ్, ఫోన్ చేశా. గుంటూరు నుంచి మనిషి వస్తాడట. బరువు మాటకి అమ్మ జంకింది, అందుకే లీటరున్నరదే ఆర్డర్ పెట్టా. రివ్యూ మాత్రం ఇప్పుడు రాయను. ఉగాది దాటాక, అమ్మ చెప్పింది చెప్పినట్టు ఇక్కడే పెడతా.

పచ్చిమిర్చి:
పొద్దున ఆరింటికి వేస్తే పక్కింటివాళ్లు లేస్తారో లేదో కూడా రాయండి. మాది అపార్ట్‌మెంట్, ఆ ముక్క ఎవరూ రాయక మేం ఇరుక్కున్నాం.