అప్‌డేట్: సెకండ్‌హ్యాండ్ మైక్ ప్రీయాంప్ దొరికింది, హిస్ తగ్గింది

షూర్ ఎస్ఎం7బి మైక్‌కి నా ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఇచ్చే గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే శక్తి, చాలడం లేదని, పూర్తిగా పెంచితే హిస్ (బుస్సుమనే శబ్దం) వస్తోందని, తక్కువ ధరలో పాత ప్రీయాంప్ (మైక్ సిగ్నల్‌ని పెంచే పరికరం) ఏది చూడాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ట్యూబా (వాక్యూమ్ ట్యూబ్‌లతో పనిచేసేదా), సాలిడ్ స్టేటా (ట్రాన్సిస్టర్లతో పనిచేసేదా) అన్నది పక్కన పెట్టు, 60 డీబీ (డెసిబెల్స్) శుభ్రమైన గెయిన్ ఇస్తుందా చూడు" అన్న సలహాయే పనికొచ్చింది. సింగిల్ ఛానల్ (ఒక్క మైక్‌కే పనికొచ్చే) సాలిడ్ స్టేట్‌ది తీసుకున్నాను. గెయిన్ నాబ్ తిప్పితే గరగరమనేది (బేరానికి అదీ కలిసొచ్చింది లెండి). టెక్నీషియన్ విప్పి చూస్తే పాట్‌లో (నాబ్ వెనక ఉండే పొటెన్షియోమీటర్‌లో) దుమ్ము, అంతే. కాంటాక్ట్ క్లీనర్‌తో పోయింది. కెపాసిటర్లు మార్చాలేమోనన్న టెన్షన్ అనవసరమే.

ప్రీయాంప్ అవుట్‌పుట్‌ని ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కే (ముందే పెంచిన సిగ్నల్ కోసం ఉండేది) ఇచ్చాను. మైక్ ఇన్‌పుట్‌కి ఇస్తే సిగ్నల్ మళ్ళీ ఇంటర్‌ఫేస్‌లోని ప్రీయాంప్ గుండానే పోతుంది, ఇక కొని లాభమేంటి? ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైక్‌కి ఇచ్చే కరెంట్) చర్చ నాకు అక్కర్లేకపోయింది, నాది ఆ పవర్ అవసరం లేని డైనమిక్ మైక్. ఆ పవర్ కావాల్సిన కండెన్సర్ మైక్ వాడేవాళ్ళు మాత్రం ప్రీయాంప్ నుంచి 48 వోల్టులు వస్తున్నాయో లేదో కొనేముందే చూసుకోండి.