అప్‌డేట్: ఉద్యోగం మానకుండా ఇగ్నో బీఈడీ, మొదటి ఏడాది అయింది

డీఎడ్ చేసి ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను, ఉద్యోగం వదలకుండా ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దూరవిద్యలో బీఈడీ చేయగలనా అని ఇంతకుముందు అడిగాను కదా. ఎంట్రన్స్ రాసి చేరాను. మొదటి ఏడాది పూర్తయింది.

"దూరవిద్యే కదా, పరీక్షలకు వెళ్తే చాలు" అనేవాళ్ల మాట నమ్మకండి. పుస్తకాలు ఇంట్లోనే చదువుకోవచ్చు, ఇగ్నో వాళ్ల ఆన్‌లైన్ లైబ్రరీ ఈజ్ఞానకోశ్‌లో పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి, అంతవరకు నిజమే. కానీ ఏడాదికో వర్క్‌షాప్, 12 రోజులు, మనం అక్కడ ఉండాల్సిందే. ఇంటర్న్‌షిప్ (స్కూల్లో చేసే బోధన శిక్షణ) మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది 12. మా యాజమాన్యం వర్క్‌షాప్‌కి సెలవైతే ఇచ్చింది, జీతం మాత్రం కోసింది.

అయినా నాకు బాగా పనికొచ్చింది ఆ వర్క్‌షాపే. తోటి టీచర్ల ముందు భిన్నాలు చెబుతుంటే ఒకావిడ ఆపి, "హారం పెరిగితే భిన్నం ఎందుకు తగ్గుతుందో పిల్లాడికి ఎలా చూపిస్తారు?" అన్నారు. నేను సూత్రం చెప్పాను. ఆవిడ కాగితం మడిచి చూపించారు. వీడియో పాఠాల్లో ఇలా నిలదీసేవాళ్లు ఉండరు.

మార్కుల్లో అసైన్‌మెంట్లకు 30 శాతం, ఫైనల్ పరీక్షకు 70. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఒకటి గమనించండి: ఈ కోర్సు ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంది. మొదట్లో నాకు అదే టెన్షన్, ఒక్కో పేజీ రెండుసార్లు చదివేదాన్ని.

ఇప్పుడు 12 వారాల ఇంటర్న్‌షిప్ ముందుంది. పనిచేస్తున్న స్కూల్లోనే చేసినవాళ్లుంటే, హెడ్‌మాస్టర్‌ని ఎలా ఒప్పించారో చెప్పండి.