జంస్కార్ మంచు, నలుపు తెలుపుల: సలహా కావాలె

ప్రశ్న (నల్లగొండ): అన్నలూ, జనవరి ఆఖర్ల లద్దాఖ్ పోతున్న. గడ్డకట్టిన జంస్కార్ నది మీద నడక, చాదర్ అంటరు కదా, అదే. ఆ మంచును నలుపు తెలుపుల తియ్యాలని కోరిక. మనకాడ పొగమంచు తప్ప చూసిందేముంది! కిట్ లెన్స్‌తో మామూలు డీఎస్ఎల్ఆర్ ఉంది. చానామంది తీసినవి బూడిద రంగుల ఉంటున్నయి. ఎందుకట్ల? ఇక్కడ్నే ఏమన్న ప్రాక్టీసు చెయ్యొచ్చా?

జవాబు (మహబూబ్‌నగర్): తమ్మీ, అది కెమెరాల వెలుతురు కొలిచే మీటరు చేసే పని. ఎదురుగ ఏమున్నా నడిమి బూడిదే అనుకుంటది. ఫ్రేము నిండా తెల్ల మంచుంటే వెలుతురు ఎక్కువైందని తగ్గిస్తది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే మీటరు లెక్కకు మించి వెలుతురు పెంచే సెట్టింగు, ప్లస్ 1 కాడ మొదలువెట్టు, ఎండ పడ్డ మంచుకు 1.7 దాంక పోవచ్చు. హిస్టోగ్రాం, అంటే ఫొటోల నలుపు నుంచి తెలుపు దాంక చూపే గ్రాఫు, కుడిగోడ దగ్గరికి రావాలె, గుద్దుకోవద్దు. రా (RAW) ఫైలులనే తియ్యి, అండ్ల రంగులన్నీ ఉంటయి, స్క్రీన్ మాత్రం మోనోక్రోమ్ల పెట్టుకో.

రంగెందుకు దాచుకోవాలె అంటవా? మందపు మంచు నీలంగ ఉంటది, ఎరుపును మింగుతది కాబట్టి. ఇంటికొచ్చినంక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల నీలం స్లైడరు కిందికి గుంజితే గడ్డ నల్లబడి లోపలి పగుళ్లు తెల్లగ తేల్తయి. పైకి లేపితే గడ్డంతా తెల్లగ వెలుగుతది. ఫిలిం రోజులల్ల ఎర్ర ఫిల్టరు, నీలం ఫిల్టరు చేసింది గిదే. కానీ ప్రతి ఫొటోల ఆకాశాన్ని మసిబట్టించుడు నాకైతే నచ్చదు.

ప్రాక్టీసుకు ఐస్ ఫ్యాక్టరీల పెద్ద దిమ్మె ముక్క అడుగు. అంచులు ఆర్‌పార్ కనవడ్తయి, నడుమ పాలు పోసినట్టు తెలుపు. బయటినుంచి లోపలికి గడ్డకడ్తుంటే నీళ్లల ఉన్న గాలి నడిమికి జరిగి బుడగలై చిక్కుకుంటది. నదిల కూడ తెల్ల మంచు, నల్లగ కనవడే మంచు తేడా చానవరకు బుడగలదే. దిమ్మె వెనక నల్ల గొంగడి కట్టి, పొద్దుటి ఎండ పక్కనుంచి పడనియ్యి. బుడగలు, గీరలు లేచి వస్తయి. అదే ఎదురుంగ ఫ్లాష్ కొట్టిచూడు, సప్పగ ఉంటది.

ఇంకొకరు (దేవరకొండ): చలికి బ్యాటరీ జల్ది దిగుతది. స్పేర్ది లోపలి జేబుల ఒంటికి ఆనిచ్చి పెట్టు. వెచ్చటి గదిలకు పోయేముందు బయట్నే కెమెరాను జిప్ కవర్ల మూసెయ్, చెమ్మ కవరు మీదనే ఆగుతది. లోపలికి పోంగనే తెరవకు.

ప్రశ్న: ట్రైపాడ్ మోసుకపోవాల్నా?

జవాబు (మహబూబ్‌నగర్): తేలికది తీసుకపో. లోయ ఇరుకు, ఎండ అడుగుదాంక దిగేది కొద్దిసేపే, మిగతాదంతా నీడ. మంచు అంచుకాడ పారే నీళ్లను అర సెకను, సెకను తెరిచి తీస్తే మస్తుంటది, అది చేతులతోని కాదు. వట్టి చేతులతో ఇనుము ముట్టకు, ట్రైపాడ్ కాళ్లకు ఫోము చుట్టు. అంచుకు పోయేటప్పుడు మాత్రం గైడు ఆగమన్నకాడ ఆగు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తుల ఉంది, దిగంగనే కెమెరా పట్టుకొని ఉరుకకు, అలవాటు పడనియ్యి.